కోడ్ పోయే నంబర్

మా చెల్లె మల్లికకు కుళ్లు ఎక్కువ. ఈ మాట నేను చాటున అనడం లేదు, దాని మొహం మీదే చాలాసార్లు అన్నాను. చిన్నప్పుడు మా అమ్మ నాకు ముందు జడ వేస్తే, తర్వాత తనకు వేసిన జడ విప్పుకుని వాకిట్లో కూర్చునేది. నాకు సంబంధం ఖాయమైన రోజు అన్నం తినలేదు. అట్లని చెడ్డది కాదు. మోత్కూర్ పాలకేంద్రంలో పాలు పట్టేది అదే, దాని కొలత మీద ఇప్పటివరకు ఎవరూ నోరెత్తలేదు. తనది అనుకున్నదాని మీద ఇంకొకరి చెయ్యి పడితే మాత్రం ఓర్వలేదు. పెళ్లయ్యాక మొగుణ్ణి తనది అనుకుంది. గిరి ఖర్మ.

గిరి ఎంత మంచివాడంటే, ఇతను దీనికెట్లా దొరికాడా అని నాకే అప్పుడప్పుడు అనిపిస్తుంది. షాద్‌నగర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో పని. అక్కడే గది తీసుకుని ఉంటాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆ దూరమే మల్లికను తినేసేది. ఫోన్‌లో అతని వెనక ఏ ఆడగొంతు వినపడినా ఎవరామె అని అడిగేది. హోటల్లో వడ్డించే ముసలామె అని చెప్పినా సగమే నమ్మేది. ఆ పోరు పడలేకో, నిజంగా ఇంటి మీద బెంగతోనో, గిరి చిట్యాల దగ్గర ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. అది వస్తే రోజూ సాయంత్రం ఇంట్లో ఉండొచ్చు. మల్లిక మొక్కని దేవుడు లేడు.

చిక్కల్లా ఒకటే. ఉద్యోగం కాగితం మెయిల్‌కు వస్తుంది, వచ్చిన రోజే ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వాలి. గిరి ఫ్యాక్టరీలో షిఫ్టు నడిచినంతసేపు ఫోన్లు గేటు దగ్గర పెట్టేయాలి. అందుకని తన మెయిల్‌ను మల్లిక ఫోన్‌లో కూడా పెట్టుకొమ్మని పాస్‌వర్డ్ చెప్పాడు. అది కొట్టగానే, ఒక నంబర్‌కు కోడ్ పంపించామని స్క్రీన్ మీద వచ్చింది. నంబర్‌లో చివరి రెండంకెలే కనిపిస్తున్నాయి. అవి గిరి నంబర్‌వి కావు, మల్లికవీ కావు.

"గీ నంబర్ ఎవ్వలది?" అని అడిగింది.

"మంజులతది. డిగ్రీల నాతోటి చదివింది. జర ఆగు, అడిగి చెప్త" అన్నాడు గిరి.

అడిగాడు, చెప్పాడు, మెయిల్ తెరుచుకుంది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ గిరి అంత మామూలుగా చెప్పడమే మల్లికకు ముల్లులా గుచ్చుకుంది. రాత్రి అతన్ని నిలదీసింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఉద్యోగాల దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ అయ్యాయనీ, నల్గొండ కాలేజీ ల్యాబ్‌లో మెయిల్ తెరిచేటప్పుడు తనకు సొంత ఫోన్ లేక పక్కన కూర్చున్న మంజులత నంబర్ ఇచ్చాననీ, తర్వాత మార్చుకోవడానికి బద్ధకించాననీ అతను చెప్పాడు. తాను ఫోన్ మార్చినప్పుడల్లా ఆమెకు ఫోన్ చేస్తాడు. ఆమె అంకెలు చదువుతుంది, ఇతను పెట్టేస్తాడు. ఇప్పుడు ఆమె నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడుపుతోందట.

ఇందులో వింతేమీ లేదు. మా వైపు సగం మెయిళ్లు ఇట్లాంటివే. మా ఆయన మెయిల్ కోడ్ ఈ రోజుకీ మొబైల్ షాపు బీరన్నకు పోతుంది. ఆ మాటే మల్లికకు చెప్పాను. వింటేనా?

"మా ఇంటి తాళంచెవి ఇన్నేండ్ల సంది ఇంకోదాని దగ్గర ఉంది అక్కా. నాకిప్పుడు తెలిసింది" అంది.

కూర్చుని గిరి మెయిల్ మొత్తం వెతికింది. మంజులత పేరుతో ఒక్క ఉత్తరం లేదు. బ్యాంకువాళ్లవి, బస్సు టికెట్లవి, బట్టల కంపెనీల ప్రకటనలు తప్ప ఏమీ లేవు. ఇంకెవరైనా అయితే చల్లబడేవారు. ఇది మాత్రం, తుడిచేశాడని తేల్చేసింది. పైగా కోడ్ ఆమెకు పోతోందంటే మెయిళ్లు కూడా ఆమెకు కనపడుతూనే ఉంటాయని దాని నమ్మకం. ఆమెను బయటికి నెట్టాలని ఉక్రోషంతో పాస్‌వర్డ్ మార్చేసింది. గట్టిగా పడిందో లేదో చూద్దామని తన ఫోన్‌లో కూడా మెయిల్ మూసేసింది. పొద్దున తెరవబోతే, కోపంలో తాను కొట్టిన అక్షరాలు తనకే గుర్తు రాలేదు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే అన్నం విరామంలో గిరి గేటు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. చిట్యాల కంపెనీ వాళ్లు కాగితం మెయిల్‌కు పంపామని మెసేజ్ పెట్టారట, సాయంత్రం లోపల జవాబు కావాలట. తన ఫోన్‌లో మెయిల్ ఎందుకో పాస్‌వర్డ్ అడుగుతోంది, నువ్వు చూసి పంపు అని చెప్పి లోపలికి పోయాడు. చేసిన ఘనకార్యం చెప్పడానికి దీనికి నోరు రాలేదు. సరే అంది.

ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. తిట్టాల్సినంత తిట్టి, పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కి చూశాను. కోడ్ మళ్లీ ఆ నంబర్‌కే పోతుందట. ఫోన్ చేసి అడగవే అంటే, నిలదీసిన రాత్రి గిరి దగ్గర తీసుకున్న మంజులత నంబర్ కలిపింది, అవతల హలో అనగానే పెట్టేసింది.

"ఫోన్‌ల అడగ. మొహం చూసి అడుగుత" అంది.

ఇద్దరం నల్గొండ బస్సెక్కాం. దారి పొడుగునా మల్లిక తనలో తాను మాటలు కూర్చుకుంటూనే ఉంది. కోడ్ తీసుకోవాలి, ఆ నంబర్ పీకించేయాలి, ఆమెను కడిగేసి రావాలి. ఆలస్యమైతే ఉద్యోగం పోతుందన్న భయం నాది. ఆమె ఎట్లా ఉంటుందోనన్న మంట దానిది.

మంజులత మాలాగే ఉంది. మా ఈడుదే, కొంచెం నలిగిన చీర, మెడలో టేపు. అందంగా ఉంటే మల్లిక మనసారా తిట్టుకునేది. అదీ లేకపోయేసరికి ఇంకా మండిపోయింది. కాసేపు లైనింగు గుడ్డలు అటూ ఇటూ తిప్పి, చివరికి తాను గిరి భార్యనని చెప్పి, కోడ్ సంగతి అడిగింది. కత్తిరిస్తున్న గుడ్డ మీద మంజులత చెయ్యి ఆగింది.

"మంచిగున్నడా?" అంది.

మల్లిక తన ఫోన్‌లో కోడ్ పంపమని నొక్కింది. కౌంటర్ మీద మంజులత పెద్ద ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె దాన్ని పట్టించుకోకుండా మిషన్ సొరుగు లాగి, దారపు ఉండల కింద నుంచి ఒక పాత బటన్ల ఫోన్ తీసింది. కోడ్ వచ్చింది. అంకెలు రెండేసి చొప్పున నెమ్మదిగా చదివి, మళ్లీ ఒకసారి చదివింది. మెయిల్ తెరుచుకుంది, కంపెనీ కాగితం అక్కడే ఉంది. మల్లిక జవాబు పంపింది. అంతసేపూ మంజులత పక్కకు తిరిగి గుడ్డలు మడత పెట్టుకుంది తప్ప మల్లిక ఫోన్ వైపు కన్నెత్తి చూడలేదు.

"నంబర్ గూడ మార్చుకో చెల్లె. నీది పెట్టు" అంది.

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. ఇంకో కోడ్ వచ్చింది, నంబర్ మారింది. వెంటనే మంజులత ఆ చిన్న ఫోన్ మూత తీసి, సిమ్ బయటికి లాగి, కింద గుడ్డపేలికల బుట్టలో వేసింది.

"నీ నంబర్ గద, ఎందుకు పడేస్తున్నవ్?" అని మల్లిక తడబడుతూ అడిగింది.

"నాది గా పెద్ద ఫోన్‌ల ఉంది. ఇది కోడ్ కోసమే. బందు పడితే గిరికి మెయిల్ తెరుసుకోదని రీచార్జ్ చేపిస్తున్న."

"గీ ముచ్చట ఆయనకు ఎరికేనా?"

"ఎందుకు ఎరిక గావాలె?"

అప్పుడే వెనక గదిలో నుంచి ఆమె భర్త వచ్చి, ఎవరని అడిగాడు. మోత్కూర్ నుంచి లైనింగు కోసం వచ్చారని చెప్పి, మంజులత మాకు గుడ్డ కొలవడం మొదలుపెట్టింది. మల్లిక కూడా లైనింగు కోసమే వచ్చినట్టు డబ్బులిచ్చి ఆ గుడ్డ తీసుకుంది.

తిరుగు బస్సులో మల్లిక ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భువనగిరి రోడ్డు మలుపు తిరిగాక నా వైపు చూడకుండానే అడిగింది.

"అక్కా, నా నంబర్‌ను ఎవ్వలన్న గట్ల బతికిచ్చుకుంటరా?"

 నా నంబర్‌ను కూడా ఎవరూ బతికించుకోరు. ఆ రోజు మంజులతను చూసి నాకు కూడా కుళ్లు పుట్టింది, గిరిని చూసి ఇంకా ఎక్కువ పుట్టింది.

ఇప్పుడు గిరి చిట్యాలకు పోయి రోజూ సాయంత్రానికి ఇంటికి వస్తున్నాడు. కోడ్ మల్లిక ఫోన్‌కే వస్తుంది. అయినా ఆ సిమ్ సంగతి మల్లిక అతనికి చెప్పలేదు. ఎందుకు చెప్పవే అని ఒకసారి అడిగాను. చెబితే గిరి ఏమంటాడోనన్న భయం దానికి లేదట. ఏమీ అనకుండా కాసేపు అట్లా కూర్చుండిపోతాడేమోనని భయమట.