మా వియ్యంకుడు పంచిపెట్టిన సారె

మా వియ్యంకుడు గారు పోయారని అమ్మాయి తెల్లారగట్ల ఫోన్ చేసింది. "నాన్నా, మావయ్యగారు నిద్రలోనే వెళ్లిపోయారు" అంది, అంతే. తెగిన పోగు ముడేసి, మగ్గం దిగి, మంగళగిరిలో బస్సెక్కాను. వాళ్లుండే గుణదల చేరేదాకా ఏడుపు రాలేదు. అంత మంచి మనిషి మాకు వియ్యమందాడు కదా అన్న సంతోషమే పొంగుకొచ్చింది. చావు కబురు విని సంతోషమేమిటని మీరనుకోవచ్చు. ఏడో తరగతితో ఆగినవాణ్ణి, ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

ఆయనకు ఆటోనగర్లో జీపుల విడిభాగాల కొట్టుండేది. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించకముందే బయట ఉన్న బండి టైర్లు చూసేవారు. పెళ్లిచూపుల రోజున మా వాకిట్లో చెప్పులు విడిచి, కాఫీ చల్లారిపోతున్నా లోపలికి రాకుండా అమ్మాయి జీపు కిందికి వంగి కూర్చున్నారు.

అమ్మాయి పశువుల డాక్టరు. రోజూ ఆ పాత ఫోర్‌వీల్ జీపు మీదే బెజవాడ ట్రాఫిక్‌లో ఆస్పత్రికి వెళ్తుంది. కబురొస్తే అదే జీపు మీద కృష్ణా నది మధ్య లంకల్లోకి దిగుతుంది. నిశ్చితార్థం అయిన కొత్తలో ఒక వానరోజు లంక బాటలో జీపు దిగబడింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి, ఈనలేక అవస్థపడుతున్న గేదె కాస్తా చనిపోయింది. అమ్మాయి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ సంగతి విని వియ్యంకుడు గారి అక్క, "కాబోయే కోడలు బురదలో తిరగడమేంట్రా? ఏదైనా ఆఫీసు సీటు చూడండి" అన్నారు.

"సీటు సంగతి తర్వాతక్కా, ముందు ఇరుసు సంగతి తేలనీ" అన్నారాయన.

ఆ మాట వినగానే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఎవర్నో అడిగి, ఇరుసుకి రెండువైపులా ఉన్న చక్రాల్ని కలిపి బిగించే లాకర్లు కొన్నాను. వాటంతటవే బిగుసుకునే రకం. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. అమ్మాయిని కాపురానికి పంపేటప్పుడు సారెలో అరిసెల బుట్ట పక్కనే వాటినీ పెట్టించాను. చూసిన ఆడవాళ్లు పైటచెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

సారె వెనక్కి పంపితే అవమానం. ఆయన పంపలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బావగారూ, మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ తిరగాల, బయటిది ఎక్కువ తిరగాల. ఆ తేడా చూసుకునేదే డిఫరెన్షియల్. ఇయ్యి పెట్టామనుకోండి, తారురోడ్డు మీద మలుపు మలుపుకీ టైరు గీరుకుంటది, వానలో బండి తోక విసురుద్ది. అమ్మాయి రోజూ బెంజి సర్కిల్ దాటాలి గదా?"

"మరి బురదలో?"

"బురదలో పట్టు లేని చక్రం గిర్రున తిరుగుద్ది, పట్టున్నది సోమరిపోతులా కూర్చుంటది. అప్పుడు రెండూ కలవాల్సిందే. అందుకని వెనక ఇరుసుకి స్విచ్ ఉన్న లాకర్ పెడదాం. ఏస్తే బిగుసుకుంటది, తీస్తే వదిలేస్తది. ముందుది కంపెనీ ఇచ్చినట్టే ఉండనీండి. స్టీరింగు అమ్మాయి చేతిలో ఉండాలిగానీ ఇనుము చేతిలో కాదు."

"కొంచెం జారనిచ్చే రకం కూడా ఉందంట గదా మావయ్యగారూ?" అంది అమ్మాయి.

"ఉందమ్మా, ఊళ్లో తిరగడానికి బాగానే ఉంటది. చక్రం గాల్లోకి లేచిందా, ఇక దాని వల్ల కాదు. నువ్వు తిరిగేది గట్ల మీద."

నేను పంపిన రెండింటినీ ఆయన లంకలో అరటిగెలలు మోసే మరో పాత జీపుకి బిగించి ఇచ్చారు. ఆ బండి తారురోడ్డు ఎక్కేది ఎప్పుడో గానీ ఉండదు. "సారె వచ్చినాక నలుగురికీ పంచాలిగా బావగారూ!" అని నవ్వారు. మా ఆవిడ మాత్రం వారం రోజులు మూతి ముడుచుకుంది.

స్విచ్ లాకర్ బిగించిన తరువాత అమ్మాయి బండి ఎక్కడా దిగబడలేదు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. రేగడి బురదలో అది మెల్లగా గట్టెక్కుతుంటే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన మొదటి ప్రశ్న, "స్విచ్ తీశావా అమ్మాయ్?" దెబ్బలు తగిలాయా, అలిసిపోయావా అనేవి ఆ తర్వాతే.

పెదకర్మ నాడు వాన. భోజనాలు నడుస్తుండగా లంక నుంచి ఫోనొచ్చింది. గేదె కడుపులో దూడ అడ్డం తిరిగిందట. అమ్మాయి ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇయ్యాళ కోడలు గుమ్మం దాటకూడదు" అన్నారు ఆయన అక్కగారు. అల్లుడు విస్తరి వైపే చూస్తున్నాడు.

మూల చాప మీద కూర్చున్న వియ్యపురాలు గారు లేచారు. "వెళ్లమ్మా, నోరు లేని జీవం" అని జీపు తాళాలు తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. వియ్యపురాలు గారు తనూ గడప దాటబోతుంటే, "బయలుదేరేదానికి ఎదురెళ్తావా?" అన్నారు అక్కగారు.

"ఎదురు కాదొదినా, బండి వెనక్కి తీయిస్తా" అన్నారామె.

సందు నిండా బంధువుల మోటారుసైకిళ్లు. ఆమె గొడుగు లేకుండా వానలోకి దిగి, ఒక్కో బండినీ పక్కకు నెట్టించారు. జీపు వెనక నిలబడి, తడిసిన తెల్లచీర కొంగు నడుముకి దోపి, అరచెయ్యి పైకెత్తారు.

"రానీ... రానీ... ఇంకా చోటుంది, రానీ."