గొడ్లచావిట్లో మా అయ్య

మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే జీడి వాసన ఇప్పటికీ నాకు మా అయ్య వాసనే. మొన్న మనవడు నూజివీడు నుంచి పంపిన రసాల బుట్ట మీద గడ్డి తీయగానే అదే ఘాటు గుప్పుమంది. ఎడమ దవడ మీద జీడి పడి కాలిన నల్లమచ్చతో అయ్య మొహం కళ్ళముందు నిలిచింది.

రెడ్డిగూడెంలో మా గుడిసె, అయ్య కాపలా కాసే తోట గట్టునే ఉండేది. పూతకాలంలో తేనెటీగల రొద, రాలిన పిందెలు ఉప్పూ కారం అద్దుకు తినడం, రోహిణి ఎండల్లో చిన్నరసాలు పిసికి జుర్రుతూ మోచేతుల దాకా రసం కారించుకోవడం, ఆ టెంకలు కుప్పపోసి కొట్టుకునే ఆట, మా నాయనమ్మ ఈతచాప మీద ఆరబెట్టిన మామిడితాండ్ర చుట్టూ ఈగలు తోలుతూ నేను వేళ్ళు నాకడం, ఇదే నాకు తెలిసిన లోకం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో అయ్య, నూజివీడు షావుకారు దగ్గర అప్పుచేసి, సొంతంగా ఓ తోట గుత్తకు తీసుకున్నాడు. ఒక్క పూట గాలివానకు కాయంతా నేలపాలైంది. ఆషాఢంలో జ్వరమొచ్చి అయ్య పోయాడు.

పదకొండో రోజున షావుకారు బండి దిగి మా గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చున్నాడు. కసరలేదు, కోపపడలేదు. "అప్పునోటు ఎవరి పేర తిరగరాయమంటావు, మాణిక్యమ్మా?" అని నాయనమ్మను అడిగాడు.

"కోడలి చేత ఏలిముద్దర ఏయించండి బాబూ. అప్పుతో పోతే ఆడు మీ ఇంట ఎద్దయి పుడతాడు," అంది నాయనమ్మ.

అమ్మ బొటనవేలు నొక్కింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సిరా అంటిన ఆ వేలు చూసి ముచ్చటపడ్డాను కూడా, ఏం చెప్పను.

ఆ కార్తీకంలో షావుకారు ఆవు కోడెదూడను ఈనింది. ఎడమ దవడ మీద నల్లమచ్చ. ఇంకేముంది, వేలిముద్ర వేసేలోపే అయ్య అక్కడికి వెళ్ళిపోయాడని నాయనమ్మ తేల్చేసింది. ఏరువాక పున్నమికి ఊరంతా ఎడ్ల కొమ్ములకు రంగులేసి పొంగలి పెడుతుంటే, మేం ముగ్గురం కాయల బండెక్కి నూజివీడు వెళ్ళి షావుకారు గొడ్లచావిట్లో ఆ దూడకు పెట్టేవాళ్ళం. "మీ అయ్యకు తినిపించవే," అనేది నాయనమ్మ. దాని వెచ్చటి నాలుక నా అరచెయ్యి నాకుతుంటే ఏడుపూ వచ్చేది, సంతోషమూ వేసేది.

అమ్మ తోటలు కాపలా కాసింది, కాయలు మోసింది, నాట్లు వేసింది. కూలి డబ్బులన్నీ నోటుకే. అయ్యను కాడి కిందనుంచి విడిపించాలి, అంతే. నాలుగేళ్ళకు అప్పు తీరింది. షావుకారు నోటు మీద చెల్లు రాసి చేతికిచ్చాడు.

"బాకీ తీరింది గదా బాబూ, ఇక మావోణ్ణి ఇప్పెయ్యండి," అంది నాయనమ్మ.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నవ్వలేదు. "ఎద్దు సంగతి నోటులో లేదమ్మా," అన్నాడు. వాకిట్లో దాన్ని అప్పుడే బాపులపాడు వెళ్ళే కాయల బండికి కడుతున్నారు. నాయనమ్మ ఆ మచ్చ నిమిరి, "ఎళ్ళిపో నాయనా, తీరిపోయింది," అంది. ఎద్దు కాడికి మెడ వంచింది.

ఇంటికొచ్చాక, "ఇంకెవరికో బాకీ ఉండుంటాడు," అంది నాయనమ్మ. మర్నాటినుంచి చాట్రాయి దాకా ఊరూరా తిరిగి, మా అబ్బాయి మీకేమైనా ఇవ్వాలా అని అడగడం మొదలుపెట్టింది. లోకం సంగతి తెలిసిందేగా. ఇవ్వాలన్నవాళ్ళు దొరికారు. అమ్మ కట్టింది. తాను పోయేదాకా కడుతూనే ఉంది.

మా ఆయన పోయినప్పుడు బ్యాంకులో ఓ అమ్మాయి ఆయన లోను ఫైలు తిరగేసి, "ఆయన పేర ఆస్తేమీ లేదు కదండీ. మీరు సంతకం పెడితే తప్ప ఈ లోను మీ మీదికి రాదు," అంది. సిరా అంటిన అమ్మ బొటనవేలు గుర్తొచ్చింది. నాకా నమ్మకాలు లేవు. అయినా లోను కట్టేశాను.

గొడ్లచావిడి ఉన్నచోట ఇప్పుడు రేకుల షెడ్డు వేశారు. నూజివీడు రోడ్డు మీద ఎడ్లబండి ఒక్కటి కనబడదు, అన్నీ లారీలే. అప్పుతో పోయినవాళ్ళు ఇప్పుడు ఏమై పుడుతున్నారో.