టీచరమ్మ గారి మాట తడబడిన శుక్రవారం

మా టీచరమ్మ గారు పోయిన మంగళవారం ఉదయం విజయవాడ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క వెళ్లిపోయిందమ్మా" అంది. అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ బియ్యాన్నే ఇంకో నాలుగుసార్లు కడిగినట్టున్నాను.

వినగడప బడిలో నాకు తెలుగు చెప్పింది ఆవిడే. పెళ్లయి తిరువూరు వస్తే పక్కవాటాలో మళ్లీ ఆవిడే. "నిన్ను పదో తరగతి గట్టెక్కించింది చాలక, ఇప్పుడు నీ వంట కూడా దిద్దాలా అమ్మాయ్?" అన్నారు మొదటిరోజే. దిద్దారు కూడా.

నోట్లో నోట్లో గొణిగితే ఆవిడకు గిట్టదు. ప్రార్థనలో ఎవరైనా బైబిలు వాక్యం అలా చదివితే, "గట్టిగా చదవండమ్మా. దేవుడికి వినపడుతుంది సరే, నాకూ వినపడాలిగా" అనేవారు. ఒత్తులు పలకని వాళ్లకి పరలోకంలో వెనక బెంచీయేనట. ఈ మాట నవ్వకుండా అనేవారు.

ఆరేళ్ల క్రితం ఆవిడ కిడ్నీలు పాడైతే చెల్లెలు ఒకటి ఇచ్చింది. అప్పట్నుంచి ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్రలు. "చెల్లెలి కిడ్నీని నా ఒళ్లు పరాయిదని తరిమెయ్యకుండా ఇవి చూస్తాయి. అందుకే నా ఒంటికి కాపలా తక్కువ" అని మాకు పాఠంలా చెప్పారు. ఎక్కడికెళ్లినా మాస్కు, కాచిన నీళ్లు. పెళ్లి భోజనాల్లో అరటిపండు ఒక్కటే తిని లేచేవారు. మేం ఆటపట్టించేవాళ్లం.

మొన్నామధ్య, ఆవిడతోనే ఉండే చెల్లెలు తన కూతురి పురుడికి వెళ్తూ, "అక్కని కాస్త చూస్తుండమ్మా" అని నాకు చెప్పి వెళ్లింది. ఆ వారంలోనే టీచరమ్మ గారు తలనొప్పి అన్నారు. కళ్లజోడు మార్చాలేమో అన్నాను. నేనే అన్నాను.

మా వీధి ఆడవాళ్లం శుక్రవారం మధ్యాహ్నాలు ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం. అప్పుడు కొందరికి అన్యభాషలు వస్తాయి. ఎవరికీ తెలియని ఆ మాటల్ని ఆత్మే పలికిస్తుందని మా నమ్మకం. టీచరమ్మ గారికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆవిడకీ ఆ వరం రావాలని మేం చాలాకాలంగా అడుగుతున్నాం. ఆ శుక్రవారం ఆవిడ ప్రార్థన మొదలుపెట్టాక మధ్యలో మాట మారిపోయింది. తెలుగు కాదు, ఇంకే భాషా కాదు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"వచ్చేసిందమ్మా! టీచరమ్మ గారికీ ఆత్మాభిషేకం వచ్చేసింది! స్తోత్రం!" అని అరిచింది ప్రార్థన నడిపించే మా పెద్దావిడ. గదంతా స్తోత్రాలు. టీచరమ్మ గారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఆనందంలాగే కనిపించింది.

తర్వాత ఆవిడ మాటలు తగ్గాయి. దేవుడి సన్నిధిలో ఉన్నారనుకున్నాం. మరుసటి శుక్రవారం ఆవిడ ప్రార్థన వినడానికి గంపలగూడెం నుంచి కూడా ఆడవాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఆ మర్నాడు టీచరమ్మ గారికి ఫిట్స్ వచ్చాయి.

"మెదడులో ఇన్‌ఫెక్షన్" అన్నారు డాక్టరు గారు స్కానింగు చూసి. "మనలో చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉండే క్రిమే ఇది. మనల్నేమీ చెయ్యదు. ఇలాంటి మాత్రలు వాడేవాళ్లలో లేచి కూర్చుంటుంది. మాట ఎప్పట్నుంచి తేడాగా ఉంది?"

అప్పటికే పరుగున వచ్చిన చెల్లెలు నా వైపు చూసింది. "ఎనిమిది రోజులండి" అన్నాను.

"ఎనిమిది రోజులు ఏం చేశారమ్మా?" అన్నారాయన. కోపంగా కూడా అడగలేదు. మందులు ఎక్కించారు. పది రోజులు చూశారు.

ప్రార్థన మానను. నా కోపం నా మీదే. ఒత్తులు ఆవిడ దగ్గర దిద్దుకున్నదాన్ని, ఆవిడ మాట చెడితే పోల్చుకోలేకపోయాను. నన్ను క్షమించండి టీచరమ్మ గారూ.

సమాధి చేసిన రోజు పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "ఆ మొదటి శుక్రవారం నువ్వు ఫోన్లో వీడియో తీశావుగా, గ్రూపులో పెట్టవే, జ్ఞాపకంగా ఉంటుంది" అంది. పెట్టలేదు. తీసెయ్యనూ లేదు. సౌండు ఆపేసి రోజూ చూస్తున్నాను. గదినిండా ఆడవాళ్లు రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని ఉన్నారు. మధ్యలో టీచరమ్మ గారి కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆవిడ ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, పైకి లేపి, నాకు చూపిస్తున్నారు.