కనబడలేదు అని రాసిన పుస్తకాలు

కువైట్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. అబ్బాసియా నుంచి బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. పాత కంప్యూటర్ కేటలాగ్‌ని కొత్త డిజిటల్ లైబ్రరీలోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. పాతదాని గడులు వేరు, కొత్తదాని గడులు వేరు. ఆ రెంటినీ కలపలేక నా తలప్రాణం తోకకొచ్చేది.

ఆ పాత కేటలాగ్ తయారుచేసింది మా కోనసీమ పెద్దాయనే. బాబాయిగారూ అని పిలిచేదాన్ని. తొంభైలో కువైట్ మీదికొచ్చిన యుద్ధానికి ముందు నుంచీ అక్కడే ఉద్యోగం. యుద్ధంలో లైబ్రరీని దోచేశారట. తిరిగొచ్చాక ఆయన మిగిలిన కార్డులు చూసుకుంటూ, పోయిన పుస్తకాల్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కించారు. వాటి పక్కన మాత్రం ‘పోయింది’ అని రాయలేదు, ‘కనబడలేదు’ అనే రాశారు.

“ఇన్నేళ్ళయ్యాక ఇంకేం కనబడతాయండీ బాబాయిగారూ?” అని ఒకసారి వేళాకోళమాడాను.

ఆయన నవ్వలేదు. వాటికి అట్టలు కట్టింది ఆయన తమ్ముడట. అదే లైబ్రరీలో బైండింగ్ పని. యుద్ధమొచ్చినప్పుడు సరిహద్దు దాటుదామని ఎవరిదో కారెక్కాడు. అంతే. ఇల్లు చేరలేదు, శవమూ దొరకలేదు. మరదలు ఇప్పటికీ బొట్టు పెట్టుకునే ఉంది.

“కర్మ చేసెయ్యమంటారమ్మా అందరూ. పోయాడో లేదో తెలీదు. పోతే ఏ రోజు పోయాడో తెలీదు. తద్దినం ఏ తిథికి పెట్టను?” అన్నారు.

ఆ తరవాత వాటి జోలికెళ్ళి హాస్యమాడలేదు నేను.

కొత్త సిస్టమేమో, అలమరలో పుస్తకం ఉంటేనే గాని దాని వివరాలు తీసుకోదు. కంపెనీ ఇంజినీరుతో పోట్లాడాను. “పుస్తకమే లేనప్పుడు ఎంట్రీ ఎందుకు మేడమ్?” అన్నాడు హిందీలో. ఒళ్ళు మండిపోయింది. వీటికి వేరే గడి పెట్టొచ్చని కాగితం మీద గీసి మరీ డైరెక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ చూడనైనా చూడలేదు. “ఖలాస్” అని చేతులు దులిపేసుకుంది.

బాబాయిగారి ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, ఆ నెలతో ఆఖరు. ఇక ఇంటికెళ్ళిపోవడమే. పాత కంప్యూటర్ ఆపేశాక, వెళ్ళే రోజున వచ్చి కొత్తదాని ముందు కూర్చున్నారు. తమ్ముడు అట్ట కట్టిన పుస్తకం పేరొకటి కొట్టారు. ఏమీ రాలేదు. ఇంకోటి కొట్టారు. అదీ లేదు. మళ్ళీ కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

“నా వల్ల కాలేదు బాబాయిగారూ.”

“నువ్వేం చేస్తావులేమ్మా” అన్నారు. కాసేపు ఆ ఖాళీ తెరవంకే చూశారు. తరవాత, మామూలుగానే, “ఇవాళ తిథేంటమ్మా?” అని అడిగారు.

ఆవేళ నాకు ఉపవాసం. “ఏకాదశండీ” అనేశాను.

“బహుళమేనా?” అని మళ్ళీ అడిగాక గాని అర్థం కాలేదు నాకు, ఎందుకడుగుతున్నారో. ఔనని తలూపాను.