కుర్చీ వైపు తిరిగిన ముల్లు

ఓడరేవు వెనక వీధిలో ఆయన్ని అందరూ ముల్లు మాస్టారు అనేవాళ్ళు. నలభై ఏళ్ళు ఓడల దిక్సూచిలు బాగుచేశాడు. ఇంటి ముందుగదే కొట్టు. ఆ కొట్లో ఒకటే చట్టం: దిక్సూచి దగ్గరికి ఇనుము రాకూడదు, వస్తే ముల్లు అటు తిరిగిపోతుంది. అందుకని గుమ్మం పక్కన ఒక చెక్క పళ్ళెం పెట్టాడు. తాళాలు, చాకు, గడియారం అందులో వేసి మరీ లోపలికి రావాలి. ఒకసారి తల పండిన కెప్టెన్ చేత బెల్టు కూడా విప్పించాడు. పాపం ఆ పెద్దమనిషి పని అయ్యేదాకా ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

భార్య పడవల మీద పేర్లు రాసేది. కాపురానికొచ్చిన రోజున ఆవిడ జడపిన్నులు కూడా ఆ పళ్ళెంలోకే వెళ్ళాయి. కోపం రాలేదా అంటే వచ్చింది. రెండ్రోజులు మాట్లాడలేదు కూడా.

తర్వాత ఓడల్లోకి దారి చూపించే కంప్యూటర్ తెరలొచ్చాయి, దిక్సూచి తెచ్చేవాళ్ళు కరువయ్యారు. అది చాలదన్నట్టు మాస్టారికి మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, తర్వాత వారాలు, ఆ తర్వాత మనుషుల పేర్లు. "పళ్ళెం సంగతి గుర్తున్నంత కాలం నేను నేనేనోయ్. అదీ మర్చిపోయిన రోజున ఇంక నేను లేనట్టే" అనేవాడు.

కొట్టు మూసేశారు. పాత సామాన్ల వర్తకుడు ఆదివారం వచ్చి పరికరాలన్నీ పట్టుకుపోతానన్నాడు.

"ఏమోయ్, ఇవి పోయేలోగా వీటి బొమ్మ ఒకటి వెయ్యి" అన్నాడు మాస్టారు.

బల్ల మీద చిరుగులు పడ్డ సముద్రపటం పరిచి, దాని మీద ఇత్తడి దిక్సూచి, సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టాంట్, దుర్భిణి, ఇసుక గడియారం తనే సర్దాడు. ఆవిడ కుంచెల రేకు పట్టీల్లో ఇనుముందేమోనని అయస్కాంతం ఆనించి చూసి గానీ వాటిని బల్ల దగ్గరికి రానివ్వలేదు. తను రోజూ ఎదురు కుర్చీలో కూర్చుని, బల్లకి ఛాతీ ఆనించి, అదలా కాదు ఇదిలా కాదు అంటూ ప్రాణం తీశాడు.

శనివారం చివరగా ముల్లు వేసింది. ఉన్నది ఉన్నట్టు వేసి, అప్పుడు చూసుకుంది. కిటికీ వైపు ఉండాల్సిన ముల్లు కుర్చీ వైపు తిరిగి ఉంది. తలెత్తి చూస్తే మాస్టారి చొక్కా జేబులో స్క్రూడ్రైవర్!

ఆయన లేచి వచ్చి బొమ్మ వంక చూశాడు. "ఉత్తరం కిటికీ వైపు కదటే! ఇన్నేళ్ళు నాతో ఉండి ముల్లు ఎటు చూస్తుందో తెలీదూ?"

నిజం చెబితే ఆయనకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. "పొరపాటేనండీ. కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. రేపు దిద్దుతాను" అంది.

మర్నాడు పొద్దున్నే రంగు కలిపి కూర్చుంది. మాస్టారు వచ్చి మెల్లిగా కుంచె లాక్కున్నాడు.

"ఉండనీవోయ్. బాగానే ఉంది."

వంకర ముల్లుని ఏనాడూ గడప దాటనివ్వని మనిషి! ఆవిడ బిత్తరపోయింది. అంతలో వర్తకుడు తలుపు తట్టాడు. తీయడానికి వెళ్ళి, పళ్ళెంలో పడున్న స్క్రూడ్రైవర్‌ని చూసింది. వెనక్కి తిరిగి ఆయన మొహం చూడటానికి ధైర్యం చాలక, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఆరు నెలలకి మాస్టారు పోయాడు. చివర్లో ఆవిడ్ని కూడా గుర్తుపట్టలేదు.

పలకరించడానికి ఆ బెల్టు కెప్టెన్ వచ్చాడు. ఎవరూ అడక్కుండానే తాళాలు పళ్ళెంలో వేసి లోపలికొచ్చాడు. ఆవిడ ఎక్కడ వేసిందో అక్కడే, బల్ల పైన గోడకి తగిలించిన బొమ్మని చాలాసేపు చూశాడు.

"ఏమీ అనుకోకమ్మా, అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి గానీ ముల్లు తప్పుగా ఉంది. ఉత్తరం కిటికీ వైపు కదా, ఇదేమో ఆ కుర్చీని చూస్తోంది."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"తప్పు కాదండీ. అప్పుడు ఆ కుర్చీలో ఆయనున్నారు."