టైలర్ ఒంటిమీద చిరిగిన చొక్కా

ఇబ్రహీంపట్నం బస్టాండు దాటి సాగర్ రోడ్డు మీద కాస్త ముందుకు పోతే, మొబైల్ షాపుకీ పిండిగిర్నీకీ మధ్య ఇరుక్కుని ఒక కుట్టు దుకాణం కనిపిస్తుంది. అది ఇశ్రాయేలుది. యాచారం పక్క పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో సుక్కమ్మను వెంటబెట్టుకొచ్చి అక్కడ మిషన్ వేశాడు. మగవాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ తప్ప మరొకటి ముట్టనన్నాడు, అన్నమాట మీదే నిలబడ్డాడు. ఒకప్పుడు ఆయన చేతి చొక్కా తొడుక్కుంటే పెళ్ళిచూపుల్లో సగం పని అయిపోయినట్టేనని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆయనకూ టెక్కు తక్కువేం కాదు. పండగ ముందు బట్ట తెచ్చినవాణ్ణి "వచ్చే పండుగకు ఇస్త, సరేననుకుంటే పెట్టిపో" అని పంపేసేవాడు.

ఆ రోజులు పోయాయి. శేరిగూడ కాలేజీ పిల్లలకు ఫోన్ మీద వేలు నొక్కితే ప్యాంటు గుమ్మంలోకి వస్తోంది. పొడవెక్కువైతే మాత్రం తెచ్చి, కింద మడిచి కుట్టమని బల్ల మీద పడేసి పోతారు. ఎవరో కుట్టిన ప్యాంటుకు అంచులు మడవడం ఇశ్రాయేలుకు చచ్చేంత చిన్నతనం. అయినా మడిచాడు, ఏం చేస్తాడు? పొయ్యి మీదికి ఎసరు రావాలి కదా.

సుక్కమ్మ తమ్ముడు పరమేష్ కొంగరకలాన్‌లో కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డుగా చేస్తున్నాడు. బావకూ అక్కడ ఒక కుర్చీ చూస్తానని దసరా నుంచి పోరుతున్నాడు. ఇశ్రాయేలు క్రిస్మస్ దాకా ఆగమన్నాడు. ఆయన ఆశంతా జగదీశ్వర్ సారు ఇంట్లో పెళ్ళి మీద. ఆ రిటైర్డ్ పంతులు ఈ దుకాణంలో తప్ప ఇంకోచోట చొక్కా కుట్టించి ఎరగడు. కుట్టించిన ప్రతిసారీ కాలర్ మీద పంచాయతీ పెట్టకుండానూ పోడు. ఆయన చిన్నకొడుకు పెళ్ళి కుదిరింది. ఇంట్లో మగవాళ్ళందరి బట్టలూ తన చేతికొస్తే, ఆ పెళ్ళిలో నలుగురూ చూస్తే, దుకాణం మళ్ళీ లేస్తుంది. రాకపోతే ఇక షట్టర్ దించడమే.

అంతలో దిగాడు రితేష్. కొంగరకలాన్ చుట్టూ ప్లాట్లు అమ్మేవాళ్ళకు వీడియోలు తీసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు. ఇప్పుడు చిన్న దుకాణాలవాళ్ళకు పబ్లిసిటీ సలహాలు చెబుతున్నాడు. చెడ్డవాడని నేననను, మొదట చెప్పినవన్నీ మంచి మాటలే. బోర్డు కడిగించాడు. ఫోన్ మ్యాపులో దుకాణం పేరు ఎక్కించాడు. పని చేస్తూ మాట్లాడు కాకా, నీ పనే నీ ప్రచారం అన్నాడు. ఇశ్రాయేలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాలర్ మెడకు ఎలా కూర్చోవాలో కత్తెర పట్టుకుని మురిపెంగా చెప్పాడు. ఆ వీడియోను చూసినవాళ్ళు ఎవరయ్యా అంటే పరమేష్, పాస్టర్ గారు, పిండిగిర్నీ ఆయన. అంతే, అక్కడితో సరి.

వారం గడిచాక రితేష్ మళ్ళీ వచ్చి, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"కాకా, జనం అంగి చూడరే. కష్టం చూస్తరు. చూసెటోళ్ళ కండ్లల్ల నీళ్ళు తిరిగినయనుకో, వీడియో ఆగనే ఆగదు. నీ పేరు సిటీ దాక పోతది."

ఎలా తీయాలో కూడా చెప్పాడు. ఒంటి మీద చిరిగిన చొక్కా ఉండాలి. సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కక, కళ్ళు తుడుచుకోవాలి. వెనక ఏడుపు పాట తను వేసుకుంటాడు. సుక్కమ్మ అప్పుడే టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలికొచ్చింది. విన్నంతసేపు విని డబ్బా ఠక్కున బల్ల మీద పెట్టింది.

"నువ్వు కుట్టెటోనివా, అడుక్కునెటోనివా? చింపులంగి ఏసుకున్న టైలర్‌కు ఎవడన్న బట్ట ఇస్తడా?"

ఆ మాట ఇశ్రాయేలుకు తగలకపోలేదు. సూటిగా గుండెకే తగిలింది. కానీ మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా తాడులాగే కనిపిస్తుంది. సారు పెళ్ళిబట్టల మాట ఇంకా తేలలేదు, పరమేష్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. సిటీ దాకా పేరు పోతే సారు మాత్రం ఇంకోచోటికి పోతాడా అనుకున్నాడు. సరేనన్నాడు. తీరా చూస్తే ఇంట్లో చిరిగిన చొక్కా ఒక్కటీ లేదు. టైలర్ ఇంట్లో ఎందుకుంటుంది? చివరికి తన చొక్కానే విప్పి, భుజం దగ్గర తను వేసిన కుట్టులోకే బ్లేడు దింపి బర్రున లాగాడు. సుక్కమ్మ అది చూడలేక బయటికి వెళ్ళిపోయింది.

వీడియో నిజంగానే ఆగలేదు. వద్దన్నా ఆగలేదు. "కళ్ళు కనిపించకపోయినా మిషన్ వదలని పెద్దాయన" అని పైన రాసి రితేష్ వదిలాడు, అంతే. ఊళ్ళో ఎవరి ఫోన్ చూసినా ఇశ్రాయేలు మొహమే. దుకాణం ముందు కార్లు ఆగడం మొదలైంది. మొదటి కారులోంచి ఒక జంట పెద్ద కవరుతో దిగేసరికి ఆయన చేతులు తుడుచుకుని, మెడలో టేపు సర్దుకుని లేచి నిలబడ్డాడు. వాళ్ళు కవరు విప్పారు. లోపల వాడి, ఉతికి, మడతపెట్టిన రెడీమేడ్ చొక్కాలు. తొడుక్కో అంకుల్ అని ప్రేమగా చేతిలో పెట్టి, ఆయనతో ఫోటో దిగి వెళ్ళిపోయారు. అదిగో, ఆ రోజు నుంచి అదే తంతు. ఒకరు దుప్పటి, ఒకరు పండ్లు, ఇంకెవరో కంటి చుక్కల మందు. కుట్టడానికి జానెడు గుడ్డ తెచ్చినవాడు ఒక్కడు లేడు!

పైగా అంచులు మడిచే పని కూడా పోయింది. కాలేజీ పిల్లలు దుకాణం ముందుకొచ్చి, పాపం ముసలాయనను ఏం కష్టపెడతాంలే అన్నట్టు చూసి, అవతలి వీధికి పోయేవాళ్ళు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. ఆదివారం ప్రార్థనలో పాస్టర్ గారు ఇశ్రాయేలు కళ్ళ కోసం అందరిచేతా మోకాళ్ళూనించారు. తన కళ్ళు బాగానే ఉన్నాయని సంఘం మధ్యలో లేచి ఎలా చెబుతాడు? అబద్ధం ఆడినట్టు తనే ఒప్పుకోవాలి. తలొంచుకుని ఆమెన్ అన్నాడు. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు పిడికెడు బియ్యం సంచి తెచ్చి సుక్కమ్మ ముందు పెట్టారు. ఇంటింటా వండుకునే ముందు లేనివాళ్ళ కోసం తీసి పెట్టే బియ్యం అవి. సుక్కమ్మ ఇన్నేళ్ళూ ఆ సంచిలో వేసిందే కానీ అందులోంచి తీసుకున్నది లేదు. ఆ రాత్రి ఆమె మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేదని ఇశ్రాయేలు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

తెల్లవారగానే రితేష్ దగ్గరికి పోయి వీడియో తీసేయమని చేతులు పట్టుకున్నాడు. పాపం, రితేష్ తీసేశాడు కూడా. కానీ అప్పటికే ఎందరో దాన్ని తమ పేరున పెట్టేసుకున్నారు, అది ఎక్కడెక్కడ తిరుగుతోందో వాడికే తెలియదు. గాలికి పోయిన పేలపిండిని మళ్ళీ గిన్నెలోకి ఎత్తగలమా? ఇక మిగిలింది సారు ఒక్కడే. ఆయన పాతకాలం మనిషి, ఫోన్ పట్టించుకోడు, తన చేతిపని ఎరిగినవాడు. ఆయన వస్తాడని ఇశ్రాయేలు సుక్కమ్మతో అన్నాడు. అన్నాడే గానీ రోడ్డు మీద తెల్లచొక్కా కనబడినప్పుడల్లా మిషన్ ఆపి గుమ్మంలోకి వచ్చి చూసేవాడు.

సారు వచ్చాడు. ఒక పొద్దుటిపూట సంచి చేతబట్టుకుని, చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు. సంచిలో కొత్త గుడ్డ, ఒక్క చొక్కాకు సరిపడా. మిగతావి వెనక వస్తాయేమోలే అనుకుని ఇశ్రాయేలు గబగబా టేపు తీశాడు. కళ్ళకేమీ కాలేదని తెలియాలని కొలతలు గట్టిగా చదువుతూ రాసుకున్నాడు. అంతటితో ఊరుకోక, సారు ఎదుటే సూది తీసి ఒక్క ఊపులో దారం ఎక్కించి చూపించాడు.

"మస్తు ఎక్కించినవ్ పో" అన్నాడు సారు, పసిపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు.

ఇశ్రాయేలు నవ్వలేకపోయాడు. అసలు సంగతి అడిగాడు, కాలర్ ఎట్ల పెట్టమంటరు సార్ అని.

"నీకెట్ల వీలైతే గట్ల పెట్టు ఇశ్రాయేలూ. జర అటిటు అయినా ఏం గాదు. తొందర గూడ లేదు."

ఇన్నేళ్ళలో సారు నోటి నుంచి రాని మాట అది. పెళ్ళిబట్టల సంగతి అడిగితే సారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిల్లలు సిటీలో రెడీమేడ్ తీసుకున్నారనీ, ఈ వయసులో నీకు తక్లీబ్ ఎందుకని తనే వద్దన్నాననీ మెల్లగా చెప్పాడు. నా కళ్ళు మంచిగున్నాయి సార్, అదంతా వీడియో కోసం ఆడిన నాటకం అని ఇశ్రాయేలు మొత్తుకున్నాడు. రోగి మాటకు అడ్డు చెప్పకూడదన్నట్టు సారు అవ్, అవ్ అని తలూపాడు. అప్పుడు ఇశ్రాయేలుకు దుఃఖం ఆగలేదు.

"సార్, ఒక్కపారి లొల్లి పెట్టున్రి. కాలర్ సక్కగ రాకపోతే మొకం మీద కొడ్తనని అనున్రి. ఎన్కట అన్నట్టే అనున్రి సార్."

సారు అనలేకపోయాడు. కుట్టుకూలి ముందే తీసి కత్తెర కింద పెట్టి, భుజం తట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఇశ్రాయేలు గుడ్డనూ డబ్బునూ కలిపి చేతబట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తి, పిండిగిర్నీ దాటాక సారును అందుకున్నాడు. అన్నీ ఆయన సంచిలో కుక్కేశాడు. ఇలా దయతో ఇచ్చిన బట్ట నేను ముట్టలేను అని చెప్పాలనుకున్నాడు. ఆయాసంలో, ఏడుపులో, అంత మాట నోటికి రాలేదు.

"నాతోని కాదు సార్. నేను కుట్టలేను" అన్నాడు.

సారు ఆయన చేయి పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"నాకు ఎరికే ఇశ్రాయేలూ. వీడియోల చూసిన గద" అన్నాడు.