సుభద్ర టీచర్ లాంచీకి కడ్డీ

ఇత్తడిని కాసేపు పట్టుకుంటే చేతికి ఒక వాసన అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. మొన్న రాంగోపాల్‌పేట్‌లో కర్టెన్ కడ్డీ కొనడానికి వెళ్తే దుకాణదారు నా చేతిలో ఇత్తడిదొకటి, స్టీలుదొకటి పెట్టి, "ఏది గావాలమ్మా? జెర జెల్ది చెప్పుండ్రి, గిరాకీ ఉన్నది" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కర్టెన్ కడ్డీ ముందు కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు. మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను.

నేను పుట్టుకతోనే తికమక మనిషిని. చీరల దుకాణానికి నన్ను వెంట తీసుకెళ్లడం మా అమ్మ ఎప్పుడో మానేసింది. హోటల్లో పక్కవాళ్లు ఏం చెప్తే నేనూ అదే చెప్పేదాన్ని. అలాంటి నాకు, ఏదో ఒకటి ఎంచుకుని దాంతో బతకడం నేర్పినవారు సుభద్ర టీచర్. నేర్పారనే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట ధైర్యంగా రాయలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ లాంచీ గురించి చెప్పాలి.

అల్వాల్‌లో వాళ్లింటి పైవాటాలో నేను అద్దెకుండేదాన్ని. టీచర్‌ది రాజమండ్రి. పెళ్లై సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడి బళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. వాళ్ల నాన్న గోదావరి మీద లాంచీ నడిపేవారట. చిన్నప్పుడు తను ఎక్కి తిరిగిన ఆ లాంచీనే చేతి పొడుగున, టేకు చెక్కతో చేస్తుండేవారు. ఫొటో లేదు, కొలతలు లేవు, అంతా జ్ఞాపకమే. భోజనాల బల్ల సగం లాంచీదే. వాళ్లాయన్ని నేను అంకుల్ అనేదాన్ని. ఆయన మిగతా సగంలో కంచం పెట్టుకుని, కూరలో చెక్కపొట్టు పడిందని సణుక్కుంటూ తినేవారు. నేను పరిచయమయ్యేసరికి పైకప్పు, కిటికీలు, రంగు కూడా అయిపోయాయి. మిగిలిందల్లా లోపలి మోటారు తిరుగుడును వెనక నీళ్లలో ఉండే చిన్న పంకాకి అందించే సన్నటి కడ్డీ ఒక్కటే. టీచర్‌కి మోకాళ్ల నొప్పులు. కాబట్టి కడ్డీ తేవడం నా వంతయింది.

మొదటిసారి ఇత్తడిది తెమ్మన్నారు. "నీళ్లలో ఉండేది కదమ్మాయ్, ఇత్తడైతే తుప్పు పట్టదు" అన్నారు. తెచ్చాను. భోజనాల బల్ల మీది అద్దంపై దాన్ని దొర్లించి, చెవి దగ్గరగా వంచి విన్నారు. తిన్నని కడ్డీ చప్పుడు లేకుండా దొర్లుతుంది, వంకర ఉంటే టకటకమంటుంది. అది తిన్నగానే దొర్లింది. కానీ మర్నాడు పిలిచి, లాంచీలో కడ్డీ తిరిగే గొట్టమూ ఇత్తడిదే, ఇత్తడిలో ఇత్తడి తిరిగితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీలు తెమ్మన్నారు. తెచ్చాను. అది మరీ గట్టిది, పంకా బిగించడానికి చివర మరలు కోయడం తన వల్ల కాదు, మామూలు ఇనుముది తెమ్మన్నారు. అదీ తెచ్చాను. దాన్ని అద్దం మీద దొర్లించి, బాగుంది గానీ తుప్పు పడుతుందే అని పక్కన పెట్టేశారు.

నాకు ఒళ్లు మండింది. "టీచర్, ఏదో ఒకటి చెప్పుండ్రి. దుకాణంల నన్ను చూస్తేనే నవ్వుతున్నరు" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నేను చెప్పినవాటిలో తప్పేదైనా ఉందా?" అని అడిగారు. ఆలోచిస్తే ఏదీ తప్పు కాదు. మూడింటికీ తలా ఒక లోపం ఉంది. ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే నాకు ఒక్కసారిగా అర్థమైందనిపించింది. లోపం లేనిది దొరకదు, ఏ లోపాన్ని మనం చూసుకోగలమో అదే తెచ్చుకోవాలి, అది చెప్పడానికే ఆవిడ నన్ను తిప్పుతున్నారు అనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ రోజుల్లోనే నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి నేను చేస్తున్న గుమాస్తా ఉద్యోగం. రెండోది యాప్రాల్‌లో స్నేహితురాలితో కలిసి టిఫిన్ సెంటర్. నెలల తరబడి తేలనిది ఆ వారంలో తేల్చేశాను. ఉద్యోగం మానేశాను. పొద్దున్నే లేచే కష్టం నేను పడగలను, పై అధికారి మాటలు పడే కష్టం పడలేను. ఇది టీచర్ పెట్టిన భిక్ష అని అందరికీ చెప్పుకున్నాను.

కొన్నాళ్లకు టీచర్ మళ్లీ పిలిచారు. "నీళ్లలో ఉండేది కదమ్మాయ్, ఇత్తడైతే తుప్పు పట్టదు" అన్నారు. అవే మాటలు, అదే గొంతు. బల్ల మీద మూడు కడ్డీలూ ఆవిడ ఎదురుగానే ఉన్నాయి. పరీక్ష పెడుతున్నారనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మెట్ల దగ్గర అంకుల్ నన్ను ఆపారు. "అమ్మా, నీకు చెప్పకుండా దాచడం బావుండదు. మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పాడు. ఏడాది దాటింది" అన్నారు. ఏడాది అంటే నేను మొదటి కడ్డీ తేకముందు నుంచే. అయితే నాకు పాఠం చెప్పిందెవరు? టీచరా, ఆ జబ్బా? నిన్న చెప్పింది మర్చిపోయి ఇవాళ ఇంకోటి చెప్పిన మనిషి వెనక నేను నా బతుకు మార్చేసుకున్నానా? అంకుల్‌ని అడగలేదు. అడిగితే ఆయన మాత్రం ఏం చెప్తారు.

ఒక్కటి మాత్రం తెలిసింది. ఇది నాది అని ఆవిడ గుర్తుపట్టగలిగే రోజుల్లోనే ఆ లాంచీ నీళ్ల మీద నడవాలి. ఈసారి చెప్పేవాళ్లు లేరు. మూడు కడ్డీలనూ అద్దం మీద దొర్లించాను. కొలత కోసం సంచిలో వేసుకుని దుకాణాలు తిరిగినందుకేమో ఇత్తడిది కొంచెం వంగింది. స్టీలుదీ ఇనుముదీ తిన్నగా ఉన్నాయి. చాలాసేపు చూసి ఇనుముది తీసుకున్నాను. లేత్ షాపులో స్టీలుకైనా మరలు కోసి ఇచ్చేవారు, ఆ మాట తర్వాత తట్టింది. ఆ క్షణంలో నాకు తోచిందొకటే, తుప్పయితే నేను తుడవగలను.

అంకుల్, నేను కలిసి కడ్డీ చివర మరలు కోసి పంకా బిగించాం. పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టి నింపి టీచర్‌ని కుర్చీలో కూర్చోబెట్టాం. లాంచీ గుడగుడమంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్లింది. నాన్నగారు హారన్ కొట్టేవారని ఆవిడ అంకుల్‌తో చెప్పారు. తర్వాత నన్ను అడిగారు.

"కడ్డీ ఏం వేశావు?"

"ఇనుముది టీచర్."

"తుప్పు పడుతుందే."

"తుడుస్తా టీచర్. నూనె పెడతా."

ఆవిడ లాంచీ వైపే చూస్తూ, "అయితే సరే" అన్నారు. నా కడుపు నిండిపోయింది. లాంచీ మళ్లీ ఈ గోడకి తిరిగొచ్చేలోపు నావైపు తిరిగి ఎంతో మర్యాదగా, "మీరెవరి అమ్మాయండీ?" అన్నారు. అన్నాళ్లలో ఆవిడ నన్ను మీరు అన్నది అదే మొదలు.

టీచర్ పోయాక అంకుల్ లాంచీని నాకిచ్చారు. మా టిఫిన్ సెంటర్‌లో గల్లాపెట్టె పైన ఉంటుంది. ఆ సరే అన్నది తన శిష్యురాలికో, తొట్టి పక్కన నిలబడిన ఎవరో అమ్మాయికో నాకు ఇవాళ్టికీ తెలియదు. కొన్నిసార్లు ఎవరికైతేనేం అనుకుంటాను. కొన్నిసార్లు అలా అనుకోలేక ఏడుస్తాను. నిన్న వెళ్లి కర్టెన్‌కి ఇత్తడిదే తెచ్చుకున్నాను. వచ్చాక లాంచీ దింపి, కడ్డీ బయటికి లాగి చూశాను. వానలు మొదలయ్యాయి కదా, చివరన ఎర్రగా చిన్న మచ్చ కనిపించింది. టీచర్ అన్నట్టే తుప్పు పట్టింది. నేను అన్నట్టే తుడిచి నూనె పెట్టాను.